చప్పుడు చెయ్యని సంచి

ప్రేబెన్ లింద్‌గోర్ పేగులకు ఏ రోగమూ లేదు. రాళ్లు తిన్నా హరాయించుకోగల పేగులవి. అయినా సరే, పెళ్లికి వెళ్లినా, చావింటికి వెళ్లినా, సముద్రంలో దిగినా, మంచమెక్కి నిద్రపోయినా ఆయన పొట్టమీద ఒక సంచి అతికించి ఉండేది. ఆ సంచిలో ఓట్స్ జావ ఉండేది.

పేగు చెడిపోయి కోసెయ్యాల్సి వచ్చినవాళ్లకు డాక్టర్లు పొట్టమీదే చిన్న ద్వారం పెడతారు. కడుపులోంచి పోవలసిందంతా ఇక అటునుంచే పోతుంది. దాన్ని పట్టుకోవడానికి చర్మానికి అతికించుకునే సంచులు చేసే కంపెనీ ఒకటి మా ఊరు స్వెన్‌బోర్‌లో ఉంది. ఊళ్లో సగం కుటుంబాలు దానిమీదే బతుకుతున్నాయి. ప్రేబెన్ అక్కడ పరిశోధన విభాగంలో పెద్ద ఇంజనీరు. కొత్త సంచి తయారైతే ఉద్యోగులు కూడా తలా ఒకటి అతికించుకుని చూడడం అక్కడి అలవాటు. మిగతావాళ్లు సాయంత్రం నాలుగింటికి దాన్ని పీకి పారేసి సైకిలెక్కి ఇంటికి పోయేవారు. ప్రేబెన్ దానితోనే పోయేవాడు.

"ఇంక తీసెయ్యవయ్యా," అనేవారు తోటివాళ్లు.

"రోగం నాలుగింటికి ఇంటికి పోతుందా?" అని అడిగేవాడు ప్రేబెన్.

ఆయన భార్య ఊల్లా చాలా ఓపికమంతురాలు. ఎవరైనా పలకరిస్తే మాత్రం, "నేను పెళ్లి చేసుకున్నది ఒక్కణ్ణే. మంచంమీద పడుకునేది ముగ్గురం," అనేది.

ఉత్త జావతో ఆయనకు తృప్తి ఉండేది కాదు. అందులో చిటికెడు ఈస్టు, చెంచాడు పంచదార కలిపేవాడు. ఒంటి వేడికి అది పులిసి గాలి పుట్టాలి, సంచికి ఉన్న బొగ్గు వడపోత ఆ గాలిని వాసన లేకుండా బయటికి వదలాలి, అదీ పరీక్ష. కూతురి పెళ్లిరోజున హడావిడిలో ఈస్టు ఎక్కువ పడింది. విందులో పెళ్లికూతురి తండ్రి లేచి ప్రసంగం చెయ్యాలి కదా, ప్రేబెన్ లేచాడు. కూతురి చిన్నప్పటి ముచ్చట్లు చెబుతూ ఉండగా చొక్కా కింద సంచి పూరీలా పొంగడం మొదలుపెట్టింది. పెళ్లికొడుకు తల్లి ఆ పొట్టమీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది. "నా చిట్టితల్లి ఇవాళ..." అనే చోట బొత్తాం ఎగిరి వెళ్లి ఆవిడ వైన్ గ్లాసులో పడింది.

ప్రేబెన్ ప్రసంగం ఆపి పొట్ట తడుముకున్నాడు. ముఖం వెలిగిపోయింది.

"చూశారా," అన్నాడు వియ్యపురాలితో, "బొత్తాం ఊడింది గాని అతుకు ఊడలేదు."

విమానాశ్రయంలో సోదా చేసే అధికారితో జరిగిన సంభాషణను కంపెనీలో ఇప్పటికీ నాటకంలా ఆడి చూపిస్తారు.

"పొట్టమీద ఏముంది?"

"సంచి."

"సంచిలో?"

"జావ."

"ఎందుకు?"

"పరీక్ష."

"ఎవరికి, నాకా?"

ప్రేబెన్ ఆ అధికారిని పక్కకు తీసుకెళ్లి, బంక తయారీ దగ్గరినుంచి మొదలుపెట్టి అంతా వివరించాడు. ఈలోగా విమానం వెళ్లిపోయింది. చివరికి ఆ అధికారి గొంతు తగ్గించి, తన పిన్నికి అలాంటిదే ఉందని, ఎండాకాలం చెమటకు ఊడిపోతోందని, ఏం చెయ్యమంటావని అడిగాడు. ఇద్దరూ ఇంకో గంట మాట్లాడుకున్నారు. ప్రేబెన్ ఇంటికి తిరిగొచ్చి, ప్రయాణం చాలా బాగా జరిగిందని ఊల్లాకు చెప్పాడు.

చలికాలపు సముద్రస్నానాల సంఘంలో జరిగింది మరీ చిత్రం. అక్కడ ఎవరి ఒంటిమీదా నూలుపోగు ఉండదు. అందుచేత ప్రేబెన్ సంచి అందరి కంటా పడింది. సంఘంలోని పెద్దావిడలు జాలిపడ్డారు.

"నాకేం లేదండర్రా. పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను," అన్నాడు ప్రేబెన్.

"అవునవును," అన్నారు వాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని.

కాదన్నకొద్దీ వాళ్ల జాలి పెరిగింది. వారంవారం ఒకావిడ కోడి సూపు తెచ్చేది, ఇంకొకావిడ చేప ఉండలు తెచ్చేది. ఇంట్లో గిన్నెలు పేరుకున్నాయి. "ఆ రోగమేదో ఉందని ఒప్పేసుకో, నాకు వంట తప్పుతుంది," అంది ఊల్లా.

ఎవరైనా మరీ నిలదీసి, ఎందుకయ్యా నీకీ అవస్థ అంటే ఆయన ఒకే మాట చెప్పేవాడు. "ఈ సంచి పెట్టుకున్న మనిషి కోరుకునేది ఒక్కటే, దాన్ని మరిచిపోవడం. వాళ్లు మరిచిపోవాలంటే నేను గుర్తుపెట్టుకోవాలి."

మాయిబ్రిట్ ఆయన విభాగానికి వచ్చింది మార్చిలో. అంతకుముందు ఆవిడ ఎదురు భవనంలో, సంచితోపాటు పెట్టెలో పెట్టే సూచనలు రాసేది. 'ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. దగ్గరివాళ్లకు చెప్పండి, మనసు తేలికపడుతుంది' అని ఎన్నో దేశాల్లో ఎందరో చదువుకున్న వాక్యాలు ఆవిడవే. ఆ మార్చికి ముందు చలికాలంలో ఆవిడ పెద్దపేగే చెడింది. కోసేశారు. పొట్టమీద ద్వారం పెట్టారు. ఆస్పత్రి మంచంమీద నర్సు పెట్టె విప్పి, ఆవిడ రాసిన సూచనలు ఆవిడకే చదివి వినిపించింది. అది రాసినదాన్ని పట్టుకుని నాలుగు తన్నాలనిపించింది మాయిబ్రిట్‌కు.

ఎవరికీ చెప్పలేదు. "కడుపులో చిన్న ఆపరేషన్," అని ఊరుకుంది. రోజంతా పొట్టల గురించీ సంచుల గురించీ మాట్లాడుకునే మనుషుల మధ్య, భోజనాల బల్ల దగ్గర కూడా జావ చిక్కదనం గురించి వాదించుకునే మనుషుల మధ్య, ఆ ఒక్క మాట ఆవిడ నోట రాలేదు. సంచి పెట్టుకునేవాళ్ల జీవితాలు బాగుచెయ్యడానికి తను పనిచేస్తోంది, అంతే. ఆ 'వాళ్ల'లో తనూ ఒకతె కావడం ఆవిడకు మింగుడుపడలేదు.

అంతటితో ఆగిందా, లేదు. సొంత కంపెనీ సంచులు తెప్పించుకోవాలంటే ఫోను ఎత్తేది ఆర్డర్లు రాసుకునే గిట్టె. గిట్టెకు తెలిస్తే మధ్యాహ్నానికి క్యాంటీనుకు తెలుస్తుంది. అందుకని మాయిబ్రిట్ ఎవరికీ తెలియకుండా పోటీ కంపెనీ సంచులు తెప్పించుకుని పెట్టుకుంది. స్వెన్‌బోర్‌లో పుట్టినవాళ్లెవరూ కలలో కూడా చెయ్యని పని అది. పైగా ఆ సంచి కదిలితే చాలు, చిప్స్ పొట్లంలా గరగరలాడేది.

కొత్త విభాగంలో మొదటి శుక్రవారం. శుక్రవారమంటే కేకు రోజు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ఎవరో ఏదో లెక్క చూపిస్తున్నారు, గది నిశ్శబ్దంగా ఉంది. మాయిబ్రిట్ కేకుముక్క కోసం ముందుకు వంగింది. సంచి గరగరమంది, వెనకాలే కడుపు బుడబుడమంది. అందరి తలలూ పైకి లేచాయి.

ఎదుటి కుర్చీలో ప్రేబెన్ చెయ్యెత్తాడు. "క్షమించాలి. నాది."

గది గొల్లుమంది. "ఏం పోశావు ఇవాళ?" అన్నాడు పక్కనున్న ఫ్లెమింగ్. ఆయన బంకలు చేసే రసాయనశాస్త్రజ్ఞుడు, ప్రేబెన్‌కు పాత స్నేహితుడు.

"రొట్టె జావ. బీరు పోసి ఉడికించాను."

"మరి పాడదూ?"

మాయిబ్రిట్ ఊపిరి పీల్చుకుంది. నోరున్న సంచి మోసే మనిషి తన విభాగంలోనే ఉండడం తన అదృష్టమనుకుంది. ఆరోజునుంచి ఎక్కడ సమావేశమైనా వెళ్లి ప్రేబెన్ పక్కనే కూర్చునేది. సంచి గరగరమన్నప్పుడల్లా ఆయన చెయ్యెత్తేవాడు. అదొక్కటే కాదు, కుర్చీ కిర్రుమన్నా ఆయనే, తలుపు మూలిగినా ఆయనే. జూన్‌లో పెద్ద ఉరుము ఉరిమితే కిటికీ వైపు చెయ్యెత్తి, "క్షమించాలి. నాది," అన్నాడు. అగ్నిప్రమాదపు గంట మోగించి చూసినరోజున భవనమంతా బయట చలిలో నిలబడి ఆయన ఎప్పుడు చెయ్యెత్తుతాడా అని ఎదురుచూసింది. ఆయన నిరాశపరచలేదు.

"నీకు సిగ్గనిపించదా ప్రేబెన్?" అని అడిగింది మాయిబ్రిట్ ఒకసారి.

"దేనికి?"

"అదే, చప్పుడుకి."

ఒక్క క్షణం ఆయన ముఖం నిమ్మకాయ కొరికినట్టయింది. "అలవాటవుతుందిలే," అన్నాడు.

ప్రేబెన్ అప్పుడు తయారుచేస్తున్నది చప్పుడు చెయ్యని సంచి. ఎన్నో ఏళ్ల కష్టం. గుడ్డలా మెత్తగా ఉండే పొర, గాలిని గుసగుసగా కూడా వినబడకుండా వదిలే వడపోత. వచ్చే వసంతానికి అంగళ్లకు వెళ్లాలి. ఆయన పదవీ విరమణ కూడా దగ్గరపడింది కనుక, ఆయన చేతిమీదుగా వెళ్లే చివరి సంచి అదే.

నవంబరులో డైరెక్టరు హెన్రియెట్టె విభాగానికి వచ్చింది. మా దేశంలో డైరెక్టరైనా, నేల తుడిచేవాళ్లయినా అందరూ అందరినీ పేరుపెట్టే పిలుస్తారు, నువ్వనే అంటారు. అయితే హెన్రియెట్టె నువ్వు అన్నప్పుడు మాత్రం ఎదుటివాళ్లు కాస్త సర్దుకుని కూర్చునేవారు.

"ప్రేబెన్, ప్రయోగశాల కాగితాలు నీ సంచి చప్పుడు చెయ్యదంటున్నాయి. నా చెవులు చేస్తోందంటున్నాయి. ఈ గదిలో ఉన్నవాళ్లంతా విన్నారు. నువ్వే చెయ్యెత్తి ఒప్పుకుంటున్నావు. దీన్ని చప్పుడు చెయ్యని సంచి అని ఏ ముఖంతో అమ్మను?"

ప్రేబెన్ బల్లవైపు చూశాడు. "ఇంకాస్త చూస్తాను."

"చూసింది చాలు. క్రిస్మస్ విందు అయ్యాక, సోమవారం తేల్చేద్దాం. కుదరకపోతే నీ పొర పక్కన పెట్టి వాళ్ల పొరే కొందాం."

'వాళ్ల' అంటే పోటీ కంపెనీ. మాయిబ్రిట్ పొట్టమీద ఉన్నది సరిగ్గా ఆ పొరే. ప్రేబెన్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, ముసలాయన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరయిందే అని మాయిబ్రిట్ బాధపడింది.

క్రిస్మస్ విందుకు రాకూడదనుకుంది మాయిబ్రిట్. ఇరుకు బెంచీలు, గంటల తరబడి తిండి, ఆపైన నాట్యం. ప్రేబెన్ వదల్లేదు. "నా పక్కన కూర్చో," అన్నాడు, అంతే. వచ్చింది. ఒకవైపు ప్రేబెన్ గుడ్డు వొలుచుకుంటున్నాడు. రెండోవైపు ఫ్లెమింగ్. ఉప్పుచేపలు అయ్యాయి, స్నాప్స్ సారా ఒక చుట్టు అయింది, ఇంకో చుట్టు అయింది. ఫ్లెమింగ్ ఆవిడ వైపు వంగాడు.

"ప్రేబెన్‌ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఇదివరకు ఏనాడూ వాడి సంచి కిక్కురుమనలేదు తెలుసా?"

"అదేమిటి, ఎప్పుడూ అరుస్తూనే ఉంటుందిగా?"

"ఎప్పుడూ ఎక్కడ? కూతురి పెళ్లిలో బొత్తాం ఎగిరినరోజున కూడా చప్పుడు బొత్తానిదే. ఒకసారి నేను ఏదో వినబడింది అన్నానని వారం రోజులు నాతో మాట్లాడలేదు. అంత పట్టుదల. ఈ చెయ్యెత్తడం, నాదీ నాదీ అనడం ఈ మధ్యనే. వయసు మీద పడుతోంది మరి."

"ఈ మధ్య అంటే?"

"మార్చిలో అనుకుంటా. ఒక కేకు రోజున. అవునూ, నువ్వు కొత్తగా వచ్చిన వారం కదూ?"

మాయిబ్రిట్ ఫోర్కు కింద పెట్టేసింది. ఉరుము, తలుపు, కుర్చీ, అగ్నిగంట అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అన్ని చప్పుళ్లనూ తనవేనన్నాడు, ఆ గుంపులో ఆవిడదొకటి కలిసిపోవాలని. అందుకోసం ఏం పణం పెట్టాడు? జన్మంతా పొట్టకు కట్టుకుని మోసిన నిశ్శబ్దాన్ని. ఇలాంటి మనుషులు నిజంగా ఉంటారా అనిపించింది ఆవిడకు. ఆయన వైపు తిరిగి చూస్తే గుడ్డు ఇంకా వొలుచుకుంటూనే ఉన్నాడు, పెంకు గడ్డానికి అంటుకుని ఉంది.

అప్పుడే హెన్రియెట్టె గ్లాసుమీద చెంచాతో కొట్టి లేచి నిలబడింది. హాలంతా సద్దుమణిగింది. మాయిబ్రిట్ నిటారుగా సర్దుకుంది. సంచి గరగరమని, కడుపు బుడబుడమని, ఆ గరగరా బుడబుడా కలిసి హాలు చివరిదాకా వెళ్లాయి. హెన్రియెట్టె నిట్టూర్చి ప్రేబెన్ వైపు చూసింది. ప్రేబెన్ చెయ్యి పైకి లేచింది.

"క్షమించాలి..."

మాయిబ్రిట్ ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఇది ప్రేబెన్‌ది కాదు," అంది. "నాది."

హాలు నవ్వింది. ఆవిడ లేచి నిలబడింది.

"వేళాకోళం కాదు. పోయిన చలికాలం నా పెద్దపేగు తీసేశారు. మార్చి నుంచి మీరు విన్న చప్పుళ్లన్నీ నావి. ఉరుము తప్ప."

నవ్వులు ఆగిపోయాయి. ఇన్నాళ్లూ భయపడింది ఈ నిశ్శబ్దానికే. ఎవరు ముందు చూపు తిప్పుకుంటారా అని చూస్తూ నిలబడింది ఆవిడ.

ముందు నోరు తెరిచింది గిట్టె. "అలా అయితే నాకు ఫోను చెయ్యలేదేం? నీ పేరున ఒక్క పెట్టె కూడా వెళ్లలేదు. నేను ఒక్క పేరూ మరిచిపోను."

"నేను... వాళ్లది పెట్టుకుంటున్నాను."

అసలు పిడుగు అప్పుడు పడింది. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టింది. ఫ్లెమింగ్ గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"వాళ్లదా?"

"వాళ్లదే."

"మన బంక కాదని వాళ్ల బంకా?" అన్నాడు ఫ్లెమింగ్. "ఆపరేషనంటే సరే, మనిషన్నాక అవుతాయి. దానికి ఎవరేమనుకుంటారు? కాని మాయిబ్రిట్, వాళ్లదా?"

"దురద పెట్టడం లేదూ?" అని అడిగారు ఇంకో బల్లమీదినుంచి.

"పెడుతోంది," అని ఒప్పుకుంది మాయిబ్రిట్. హాలు తృప్తిగా తలాడించింది.

హెన్రియెట్టె ఇంకా నిలబడే ఉంది. "అయితే ప్రేబెన్ సంచి..."

"ఎప్పుడూ చప్పుడు చెయ్యలేదు."

అందరూ ప్రేబెన్ వైపు తిరిగారు. ఆయన గుడ్డుమీద ఉప్పు చల్లుకుంటున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?" అని అడిగింది మాయిబ్రిట్.

"మొదటి రోజే. వాళ్ల పొర చప్పుడు నిద్రలో విన్నా గుర్తుపడతాను."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"అడగడం నా పని కాదు. నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వే చెబుతావు." ఆయన గ్లాసులో మిగిలింది గొంతులో పోసుకున్నాడు. "చప్పుడు నాదని చెప్పుకోవడం పెద్ద కష్టమేం కాదు. వాళ్ల సంచిని నా సంచి అని చెప్పుకోవాల్సి వచ్చింది చూడు, అదీ కష్టం."

కోటు లోపలి జేబులోంచి పల్చటి పొట్లం తీశాడు. మడతల దగ్గర కాగితం అరిగిపోయి ఉంది. "మార్చి నుంచి మోస్తున్నాను. ద్వారం కొలతకి నువ్వే కత్తిరించుకో."

మాయిబ్రిట్ వెళ్లి మార్చుకుని వచ్చింది. హాలు చెవులు రిక్కించింది. ఆవిడ కూర్చుంది, లేచింది, వంగింది. ఫ్లెమింగ్ ఆవిడ చెయ్యి పట్టుకుని, వాయిద్యం లేకుండానే ఒక చుట్టు తిప్పాడు. గుడ్డ గుడ్డకు తగిలినంత చప్పుడు కూడా లేదు. తొలిసారిగా ఆవిడకు పొట్టమీద ఏదో ఉందన్న సంగతి మరుపున పడింది. ప్రేబెన్ కళ్లు మూసుకుని ఆ నిశ్శబ్దాన్ని పాటలా వింటున్నాడు.

"ఇంక సోమవారం దాకా ఎందుకు?" అంది హెన్రియెట్టె, గొంతు సవరించుకుని. "వసంతానికి ఈ సంచే..."

ఆ మాట పూర్తికాలేదు. ఎర్ర క్యాబేజీ, ఉప్పుచేపలు, మూడు రకాల పంది మాంసం పట్టించిన డైరెక్టరు కడుపు, ఏ సంచి సాయమూ లేకుండానే, దీర్ఘంగా ఒక రాగం తీసింది. హెన్రియెట్టె జుట్టు కుదుళ్లదాకా ఎర్రబడింది. ఉద్యోగులంతా తమ పళ్లాల్లోని బంగాళాదుంపలను శ్రద్ధగా చూడసాగారు.

మాయిబ్రిట్ చెయ్యెత్తింది.

"క్షమించాలి. నాది."

ప్రేబెన్ తల పట్టుకున్నాడు.

"మాయిబ్రిట్," అన్నాడు దీనంగా, "ఇప్పుడు నువ్వు పెట్టుకున్నది నా సంచి."